ఇంటి గొంతు

కుముదకు ఇరవై రెండు గొంతులున్నాయని తేల్చినవాడు ఆమె భర్త తారకేష్. జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే మనిషి కనుక, పెళ్ళయిన మూడో వారంలోనే ఒక పాత రికార్డు పుస్తకం తీసి, భార్య గొంతులను మొక్కల జాతుల్లా వర్ణిస్తూ రాయడం మొదలుపెట్టాడు. ‘కోపిష్టి వదిన: పొడి నేలల్లో పెరుగును. పాలప్యాకెట్టు ఆలస్యమైనప్పుడు పూయును.’ ‘ఆరేళ్ళ పాప: నీడపట్టున ఉండును. ఐస్‌క్రీము కనబడినచో విరబూయును.’ ప్రతి పేజీకీ ఒక బొమ్మ కూడా వేసేవాడు. బొమ్మలన్నీ వంకాయల్లాగే ఉండేవి.

కుముద డబ్బింగ్ ఆర్టిస్టు. పన్నెండేళ్ళుగా అదే పని. పొద్దున తొమ్మిదింటికల్లా కృష్ణానగర్‌లో ఏదో ఒక స్టూడియోలో, చలిపుట్టించే గదిలో, మైకు ముందు నిలబడుతుంది. తెర మీద ఎవరో ఏ భాషలోనో పెదాలు కదుపుతారు. ఆ పెదాల్లో కుముద తెలుగు పోయాలి. పెదం మూసుకున్న చోట మాట మూసుకోవాలి, తెరుచుకున్న చోట తెరుచుకోవాలి. సీరియళ్ళలో రెండో కథానాయిక, కార్టూన్లలో ఉడుత, ప్రకటనల్లో పళ్ళు తళతళలాడే తల్లి, అన్నీ ఆమే.

సాయంత్రం ఇంటికొచ్చాక బాల్కనీ గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి ఇద్దరూ అష్టాచెమ్మా ఆడేవారు. ఆమె కాయలు విరిగిన గాజుముక్కలు. అతనివి కాలేజీ నుంచి తెచ్చిన సుద్దముక్కలు. ఆమె ఒక్కో గాజుముక్కకూ ఒక్కో గొంతు ఇచ్చేది. చంపబోతుంటే ముసలి గాజుముక్క దగ్గుతూ దండం పెట్టేది. తారకేష్ నవ్వి నవ్వి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

“గిది మోసం కాదా? దయ పుట్టించి గెలుస్తున్నవ్.”

“గవ్వలెయ్యండి మాస్టారూ. దయ మీ దగ్గరుంటే నా తప్పా?”

“ఆగు. ఇప్పుడు మాట్లాడుతున్నవ్ కదా, ఇది ఎన్నో గొంతు?”

“ఇదా? ఇది గొంతేంటండీ. ఇది నేను.”

ఆ గొంతు తారకేష్ పుస్తకంలో చివరి పేజీకెక్కింది. ‘ఇరవై మూడు. పేరు: ఇంటిది. తెనాలి మట్టిలో పుట్టినది. మాట చివర సాగును. నవ్వొచ్చినప్పుడు మాట మధ్యలో తెగును.’ బొమ్మ మాత్రం వెయ్యలేదు. దీనికి వంకాయ పనికిరాదన్నాడు.

కుముదకు ఈ పని నేర్పిన మనిషి మాణిక్యమ్మ. రాజమండ్రి ఆవిడ. ముప్పై ఏళ్ళపాటు తెర మీది అత్తలకూ, రాణులకూ, మంత్రగత్తెలకూ ఆవిడే గొంతు. రెండేళ్ళ క్రితం క్యాన్సరు వచ్చి, ఆపరేషనులో స్వరపేటిక మొత్తం తీసేశారు. యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇంట్లో, ఒళ్ళో పలక పెట్టుకుని బతుకుతోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకు పలక మీద జోకులు రాసేది. చదివి వాళ్ళు నవ్వేలోపే ఆవిడ మొహం తిప్పుకునేది.

అందుకే, ఊరి చివర కంఠ పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ ఇందీవర ఫోను చేసి, మాణిక్యమ్మకు ఒక గొంతు ఇస్తారా అని అడిగినప్పుడు కుముద రెండోసారి ఆలోచించలేదు.

“జడ వేసుకుంటారు కదా,” అంది ఇందీవర మొదటిరోజు, ఒక మెత్తటి పట్టీని కుముద మెడకు చుడుతూ. “మూడు పాయల్లో ఏది ఎటు వెళ్ళాలో ఆలోచిస్తారా?”

“లేదండీ. చేతులే వేసేస్తాయి.”

“గొంతు కూడా అంతే. ఏ కండరం ఎంత బిగించాలో మెదడుకు ఒక పద్ధతి ఉంటుంది. మాట్లాడిన ప్రతిసారీ ఆ పద్ధతిని బయటికి తీస్తుంది, వాడుకుంటుంది, రాత్రి నిద్రలో మళ్ళీ లోపల భద్రం చేస్తుంది. అది బయట ఉన్నంతసేపట్లో ఈ పట్టీ దాన్ని చదువుతుంది. మాణిక్యమ్మ గారి మెడకు ఇలాంటిదే ఇంకో పట్టీ. ఆవిడ మనసులో మాట అనుకుంటే, మీరిచ్చిన గొంతుతో అది పలుకుతుంది.”

“మరి నా దగ్గర?”

ఇందీవర పట్టీ బిగింపు సరిచూసి, అబద్ధం చెప్పడం చేతకాని మనిషిలా నేలకేసి చూసింది. “మేం చదివిన పద్ధతి తిరిగి లోపలికి వెళ్ళదండీ. ఆ గొంతు మీకు ఇక రాదు. అందుకే మామూలు వాళ్ళను అడగలేం. వాళ్ళకు ఒక్కటే ఉంటుంది.”

కుముద నవ్వింది. ఇరవై రెండు చీరలున్న ఆడది ఒక చీర ఇవ్వలేదా? ‘పెద్దక్క’ గొంతు ఇస్తానంది. నిండుగా, కాస్త బరువుగా ఉండే గొంతు, మాణిక్యమ్మకు నప్పుతుంది. ఈ మధ్య ఎవరూ పెద్దక్క వేషాలు రాయడం లేదు కూడా.

“ముందు మీ సొంత గొంతుకు తాళం వెయ్యాలి,” అంది ఇందీవర. “అయిదు నిమిషాలు మీ గురించి మామూలుగా మాట్లాడండి. దాన్ని గుర్తుపెట్టుకుని యంత్రం దాని జోలికి రాదు. తాళం లేనిదాన్నే తీసుకుంటుంది.”

అద్దాల గది. చెవులకు హెడ్‌ఫోన్లు. మూరెడు దూరంలో మైకు. ఎదురుగా గోడ మీద ఎర్ర లైటు వెలిగింది. కుముద నోట్లో వేసుకున్న ఏలక్కాయను పక్కకు నెట్టి, వెన్ను నిటారుగా చేసి, చిరునవ్వు పెదాల దాకా తెచ్చుకుని మొదలుపెట్టింది. “నా పేరు కుముద. మాది తెనాలి. నాకు పెళ్ళయి అయిదు నెలలైంది. మా వారు పిల్లలకు వృక్షశాస్త్రం బోధిస్తారు...” అయిదు నిమిషాల్లో ఒక్క తడబాటు లేదు. బయట నుంచి ఇందీవర బొటనవేలు పైకెత్తి చూపింది.

తర్వాత మూడురోజులూ పెద్దక్క గొంతుతో వందలాది వాక్యాలు చదివింది. నాలుగైదు వాక్యాలకోసారి విరామం. విరామంలో టీ, ఉస్మానియా బిస్కెట్లు, కబుర్లు. తారకేష్ వేసే వంకాయ బొమ్మల సంగతి కుముద చెబితే ఇందీవర టీ ఒలకబోసుకుంది. తన అత్తగారి ఊరు హనుమకొండలో కుముద తొలిసారి సర్వపిండి రొట్టె చేసి, గిన్నెకు అతుక్కుపోతే ఆ గిన్నెనే వడ్డించిన సంగతి చెప్పింది. మెడకు పట్టీ అలాగే ఉంది. విప్పి మళ్ళీ కట్టడానికి అరగంట పడుతుంది కనుక ఎవరూ విప్పలేదు. సొంత గొంతుకు తాళం పడింది కదా, ఎంత మాట్లాడినా ఏమవుతుంది?

నాలుగోరోజు పొద్దున తారకేష్ బాల్కనీలో మల్లెకుండీకి నీళ్ళు పోస్తుంటే వెనక నుంచి వినబడింది.

“కాఫీ తీసుకుంటారా?”

“తప్పకుండ తీసుకుంటం మేడమ్,” అన్నాడతను తల తిప్పకుండానే. “పొద్దుపొద్దున్నే హీరోయిన్ దిగిందేంది? షూటింగ్ ఉన్నదా ఇంట్ల?”

అని, తల తిప్పి చూశాడు. వంటింటి గడపలో కుముద గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది.

“నేను కావాలని అనడం లేదు,” అంది. గుండ్రటి మాటలు, ఏ ఊరివీ కాని మాటలు. “నాకు ఇదే వస్తున్నది.”

తారకేష్ నవ్వాడు. సాయంత్రం దాకా ఆటే అనుకున్నాడు.

కుముద మాత్రం గొంతు అలిసిందనుకుని పదకొండింటికల్లా పరిశోధన కేంద్రానికి వెళ్ళింది. మాణిక్యమ్మ పట్టీని ఆరోజే మొదటిసారి ఆన్ చేస్తున్నారు. ఆవిడ గంజిపెట్టిన చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, పరీక్షకు వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చుంది. పలక ఇంట్లో వదిలేద్దామనుకుని, చివరికి సంచీలో తెచ్చుకుంది.

ఇందీవర మీట నొక్కింది. మాణిక్యమ్మ కుముదకేసి చూసి, పెదాలు తడుపుకుంది.

“ఒసే అమ్మడూ,” అంది.

అంతే. నోటిమీద చెయ్యి పెట్టుకుంది. గదిలో అందరూ చప్పట్లు కొడుతున్నారు. కుముద కొట్టలేదు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో తట్టలేదు. ఎవరి గొంతు వాళ్ళకు బయటి నుంచి ఎప్పుడు వినబడింది గనుక?

మాణిక్యమ్మ పట్టీ ఊడదీసి బల్లమీద పెట్టి, పలక తీసి రాసింది. తొందరలో అక్షరాలు పక్కకు పోయాయి. ‘ఇది పెద్దక్క కాదు. దీని ఇంటి గొంతు.’

“ఎలా అవుతుందండీ?” అంది ఇందీవర. “సొంత గొంతుకు మొదటే తాళం వేశాం. కావాలంటే వినండి.” రికార్డు పెట్టింది. ‘నా పేరు కుముద. మాది తెనాలి.’ గది నిండా స్పష్టంగా, అందంగా మోగింది.

మాణిక్యమ్మ పది క్షణాలు విని, పలక తుడిచి మళ్ళీ రాసింది. ‘ఇది రెండో హీరోయిన్. ఎర్ర లైటు వెలిగాక ఎవరైనా సొంత గొంతుతో మాట్లాడతారా? నేనే నేర్పాను. మైకు కనబడితే ఇంటిదాన్ని గడప బయట పెట్టి రమ్మని.’

ఇందీవర రెండుసార్లు చదివింది. “నేను సొంత గొంతుతో మాట్లాడమన్నాను.”

“సొంతదే అనుకున్నానండీ,” అంది కుముద.

అనేసి, తన మాట తనే విని, కుర్చీలో కూలబడింది. తాళం పడింది రెండో కథానాయికకు. టీ తాగుతూ, బిస్కెట్టు ముంచుకుంటూ మూడురోజులు ఒలకబోసిన కబుర్లకు తాళం లేదు. బలవంతాన పలికిన పెద్దక్క కన్నా, ఊపిరిలా వచ్చిన ఆ గొంతునే యంత్రం లోతుగా పట్టుకుంది.

“తిరిగి పెట్టెయ్యండి,” అంది.

“చదవగలం. రాయలేం,” అంది ఇందీవర. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉంది. అద్దాలు ఎప్పుడో శుభ్రమయ్యాయి.

ఆ వారమంతా తారకేష్ వెతికాడు. భార్య సొంత గొంతు ఎక్కడైనా రికార్డయి ఉంటే, దాన్ని విని నేర్చుకోవచ్చని ఆశ. ఫోనులో ఆమె పంపిన వాయిస్ మెసేజీలు నూటికి పైగా ఉన్నాయి. ఒక్కొక్కటీ విన్నాడు. ‘వచ్చేటప్పుడు కొత్తిమీర తీసుకురండి’ అన్న మాట కూడా ప్రకటనలా ఉంది. రికార్డు బటను మీద వేలు పడగానే ఆమె వెన్ను తనకు తెలియకుండానే నిటారయ్యేది. పెళ్ళి వీడియో ఆరు గంటలూ చూశాడు. నాలుగో గంటలో, నాదస్వరం ఆగిన చోట, తెర బయట నుంచి కుముద కేక: ‘అమ్మా, పిన్ను గుచ్చుకుంటందే.’ మూడు సెకన్లు. దాన్ని పదేపదే వేశాడు. పక్కగదిలో కుముద చెవులు మూసుకుని కూర్చుంది.

ఆమె మాట్లాడటం తగ్గించింది. మాట్లాడినప్పుడల్లా అతను ఒక్క క్షణం ఆలస్యంగా తలెత్తేవాడు. అతని తప్పేమీ లేదు. ఒకరోజు అన్నం దగ్గర ఆమె, “ఇంకొంచెం పప్పు వేయమంటారా?” అని అడిగింది.

“వద్దండీ, చాలు,” అన్నాడు తారకేష్.

అన్నాక ఇద్దరూ కంచాల్లోకి చూస్తూ ఉండిపోయారు. అయిదు నెలల్లో అతను భార్యను ‘అండీ’ అనడం అదే మొదటిసారి. అతను కావాలని అనలేదు. నాలుక దానంతట అదే మర్యాద పాటించింది.

“సారీ కుముదా. నాకు తెల్వకుంట వచ్చింది.”

“పరవాలేదు,” అంది రెండో కథానాయిక.

మరునాడే ఆమె యూసుఫ్‌గూడ వెళ్ళింది. మాణిక్యమ్మ పట్టీని ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. పలక మీద ముందే రాసి పెట్టుకుంది. ‘నీ సొత్తు నేను వాడను.’

“వాడాలి,” అంది కుముద. “మీరు మాట్లాడకపోతే అది ఎక్కడా ఉండదమ్మా. నా దగ్గర లేదు. ఏ టేపులోనూ మూడు సెకన్లకు మించి లేదు. మీ మెడ దగ్గరే ఉంది. మీరు మాట్లాడండి. నేను వింటాను. ఎవరెవరి గొంతులో పట్టుకున్నదాన్ని, నాది నేను పట్టుకోలేనా?”

మాణిక్యమ్మ పలక తుడిచి పక్కన పెట్టింది. తర్వాత లేచి బీరువా తాళం తీసింది.

ఇందీవర గడువు ముందే చెప్పింది. పట్టీ నిలకడగా ఉండదు. కట్టుకున్న మనిషి ఊపిరికీ, అలవాటుకూ సర్దుకుంటూ పోతుంది. రెండు నెలలు తిరిగేసరికి అది మాణిక్యమ్మ గొంతయిపోతుంది. ఆలోపు నేర్చుకుంటే నేర్చుకున్నట్టు.

రోజూ పొద్దున ఏడింటికి పాఠం. పన్నెండేళ్ళ క్రితం ఎలా కూర్చున్నారో అలాగే చాప మీద ఎదురెదురుగా. మాణిక్యమ్మ కుముద గొంతుతో ఒక మాట అంటుంది. కుముద అప్పజెబుతుంది.

“వస్తన్నా, ఉండండి.”

“వస్తన్నా, ఉండండి.”

“కాదే. నువ్వు ఆ మాట మీద కూర్చుంటన్నావు. అది కూర్చోదు. చెప్పులేసుకుంటా అన్నట్టుంటుంది. మళ్ళీ.”

“వస్తన్నా, ఉండండి.”

“మళ్ళీ. నవ్వు దాచిపెట్టుకో లోపల. నవ్వకు.”

తన గొంతు తనను తిడుతుంటే కుముదకు మొదట ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైంది. కొన్నాళ్ళకు అది తనదన్న స్పృహ కూడా పోయింది. వేరే ఎవరో నటి, ఆమె పెదాలు చూస్తూ తాను పట్టుకోవాలి, అంతే. అలా అనుకున్న రోజునే బాగా పట్టుబడింది.

నెల తిరిగాక ఒక పొద్దున మాణిక్యమ్మ, “ఆయ్, అలాగేనే,” అంది. ఇద్దరూ పకపకా నవ్వారు. తెనాలి గొంతులోంచి రాజమండ్రి ‘ఆయ్’ తొంగిచూసింది. నవ్వు సగంలో ఆగింది. మర్నాటికి ‘ఆయ్’లు రెండయ్యాయి. ఆ పై వారం గొంతు అడుగున జీర మొదలైంది. నలభై అయిదో రోజుకు మాణిక్యమ్మ ఏ మాటన్నా, అది ఒకప్పటి కుముద మాటా, ఇప్పటి తన మాటా అని ఆవిడే తేల్చుకోలేకపోయింది.

“ఇక నా దగ్గర లేదే అమ్మడూ,” అంది యాభైయో రోజున. జీరగా, నిండుగా, పెద్దరికంగా ఉంది ఆ గొంతు. “ఉన్నదంతా నువ్వు తీసేసుకున్నావు. సరిగ్గా తీసుకున్నావో లేదో చెప్పటానికి కూడా నా దగ్గర అసలుది లేదు.”

“ఎవరు చెప్తారమ్మా మరి?”

“మీ ఆయన్ని అడుగు.”

ఆ ఆదివారం తారకేష్ ముందుగదిలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. కుముద మార్కెట్టు నుంచి వచ్చి మెట్లెక్కింది. రెండో అంతస్తు మలుపులో ఆగి ఊపిరి తీసుకుంది. వెన్ను వదులు చేసింది. మాటను నాలుక చివర పెట్టుకుని, కూర్చోనివ్వకుండా జార్చింది.

“ఏవండోయ్ మాస్టారూ, తలుపు తియ్యండి. చేతులు రెండూ కాకరకాయలే.”

లోపల కుర్చీ పడిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. తారకేష్ ఉత్త కాళ్ళతో, చేతిలో ఎర్రపెన్నుతో నిలబడ్డాడు.

“ఏంటలా చూస్తన్నారు? ఆ కూరగాయలబ్బాయి నన్ను బెండకాయలు కొనమని ఒకటే గొడవ. మా ఆయన బెండకాయ కనబడితే కోసి, లోపల గింజల వరస లెక్కపెడతాడు, వండనియ్యడని...” నవ్వు వచ్చింది. మాట మధ్యలో తెగింది. సరిగ్గా తెగవలసిన చోటే తెగింది.

తారకేష్ వింటున్నాడు. కళ్ళు నిండి వచ్చాయి. ఆమె ముగించేదాకా కదల్లేదు. మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు, పోట్లాడలేదు, ‘గింజలు కాదు, విత్తనాలు’ అని దిద్దలేదు. చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. విన్నాక ఆమె చేతుల్లోంచి సంచులు రెండూ అందుకున్నాడు.

“చాన మంచిగ చేసినవ్ కుముదా,” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. “అచ్చం నీ లెక్కనే ఉన్నది.”

సంచులు వంటింట్లో పెట్టి, అక్కడి నుంచే మామూలుగా కేకేశాడు. “చాయ్ పెట్టాల్నా నీకు?”

కుముద చెప్పులు విప్పుకుంటూ జవాబు చెప్పబోయింది. పెట్టమనాలి. చిన్నమాట. నోరు తెరిచి, ఏ గొంతుతో చెప్పాలో తోచక, ఒక కాలికి చెప్పుతోనే గోడ పట్టుకుని నిలబడిపోయింది.